వాగు ఒడ్డున నా కాల్‌సైన్

నా కాల్‌సైన్ ఏమిటో ఇక్కడ రాయను. రాయడానికి మొహం చెల్లడం లేదు.

కాల్‌సైన్ అంటే అమెచ్యూర్ రేడియో, అంటే సరదాకు సొంత రేడియో స్టేషన్, నడిపేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే పేరు. కొన్ని అక్షరాలు, మధ్యలో ఒక అంకె. పరీక్ష రాయాలి, పోలీసు విచారణ కావాలి, ఆ తర్వాత నెలలకొద్దీ ఎదురు చూడాలి. ఇంతా అయ్యాక చేతికొచ్చే ఆ చిన్న ముక్క ప్రపంచం మొత్తంలో ఇంకెవరికీ ఉండదు. గాలిలోకి ఏది పంపినా ఆ పేరు చెప్పే పంపాలి. అందుకే మాలో ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడకపోయినా కాల్‌సైన్ విన్నామంటే మనిషిని నమ్మేస్తాం. నేను ముప్ఫై ఏళ్ళు ఆ పేరుతో బతికాను. అమ్మానాన్నలు పెట్టిన పేరు కంటే నాకు అదే గొప్పగా ఉండేది.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చారు. నేను ఆ క్వార్టర్సులోనే పుట్టి పెరిగి, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుంటూ పటాన్‌చెరులోనే రిటైరయ్యాను. ఇన్నేళ్ళున్నా నా మాట తీరు మాత్రం మారలేదు. "మేడమ్ తిట్టినా గారు పెట్టి తిడతది" అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. అయితే తిట్టడంలో లోటేమీ చేయలేదు.

రేడియోలో గంటలకొద్దీ కబుర్లు చెప్పుకునేవాళ్ళున్నారు. నాకంత ఓపిక లేదు. నాకు నచ్చింది ప్యాకెట్ రేడియో. ఇందులో నోటితో మాట్లాడే పని లేదు. కంప్యూటర్‌లో రాసినదాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ చప్పుడుగా మార్చి రేడియోలో పంపుతాం. అవతలి కంప్యూటర్ ఆ చప్పుడును మళ్ళీ అక్షరాలుగా మార్చుకుంటుంది. ఆ ముక్కనే ప్యాకెట్ అంటాం. సెల్ టవర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. వినడానికి మాత్రం చుర్రుమని పోపు వేసినట్టుంటుంది. మా వారు పేపరు చదువుకుంటూనే "నీ ఆవాలు వేగాయి, వెళ్ళి చూసుకో" అనేవారు.

ప్యాకెట్ మీద నాకున్న గౌరవానికి కారణం ఒకటుంది. ప్రతి ప్యాకెట్ మీదా ఎవరు పంపారు, ఎవరి ద్వారా వచ్చింది అన్నది కాల్‌సైన్లతో సహా రాసి ఉంటుంది. చివర ఒక సరిచూపు అంకె ఉంటుంది. దారిలో ఒక్క అక్షరం చెడినా ఆ అంకె సరిపోదు, అందుకున్న యంత్రం ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది. అంటే గాలిలో ప్యాకెట్ పోవచ్చు గానీ మారిపోయి రాదు. మనుషులతో ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసినదానికి ఇలాంటి వస్తువు మీద ప్రేమ పుట్టడంలో విడ్డూరమేమీ లేదు.

ఈ కథలో రెండో మనిషి నా దగ్గరికి రేడియో పరీక్షకు చదువుకోవడానికి వచ్చాడు. ఆదివారాలు మా ఇంటి వసారాలో ఆసక్తి ఉన్నవాళ్ళకు పాఠం చెప్పేదాన్ని. అతనికి ముప్ఫై అయిదు దాటాయి. సొంతూరు కొండాపూర్ మండలంలో ఒక పల్లె. ఇంట్లో అన్నలు వ్యవసాయం చేస్తారు. తను కాజీపల్లి వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో మీటర్లూ వాల్వులూ చూసే టెక్నీషియన్. ఎనిమిదేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. భార్యతో, కూతురితో కిష్టారెడ్డిపేటలో ఒక అపార్ట్‌మెంటులో కిరాయికి ఉండేవాడు.

రెండో ఆదివారానికే నన్ను అక్కా అనడం మొదలుపెట్టాడు. మూడో ఆదివారం వాళ్ళ చేనులోని మక్క కంకులు గోనెసంచీ నిండా తెచ్చి వసారాలో కుమ్మరించాడు.

"గివన్ని ఎవరు తింటారయ్యా?" అని వాళ్ళ మాటలోనే అడగబోయి నేను అభాసుపాలయ్యాను.

"అక్కా, నువ్వు మా మాట మాట్లాడకు. నీ నోట్ల అది పరేషాన్ అయితది" అని నవ్వాడు.

నాకు తమ్ముళ్ళు లేరు. ఉన్న అన్నయ్య నన్నెన్నడూ ఏడిపించి నవ్వలేదు. కాబట్టి ఆ నవ్వుకు నేను పడిపోయాను. దాన్ని ఇప్పుడు దాచి లాభం లేదు.

పనిలో అతనిది బంగారం లాంటి చెయ్యి. టంకం వేస్తే అతుకు నున్నగా మెరిసేది. నేను సాఫ్ట్‌వేర్ రాస్తే అతను పెట్టెలు కట్టేవాడు. అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు, ఒక చిన్న రేడియో, బ్యాటరీ, సోలార్ పలక. వీటన్నిటినీ పెద్ద స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించి, మూతకు రబ్బరు వేసి, వాన చుక్క దూరకుండా చేసేవాడు. ఏరియల్‌కు కర్టెన్లు వేలాడదీసే అల్యూమినియం రాడ్లు కోశాడు. కిటికీలు బోసిపోయాయని మా వారు పది రోజులు మాట్లాడలేదు.

వాగు ఆలోచన నాదే. కాజీపల్లి ఫ్యాక్టరీల కింది వైపు, వాగు ఒడ్డున ఒక పల్లె ఉంది. అక్కడ మూడు గేదెలున్న ఒకావిడ ఉండేది. భర్త లేడు, కూతురు పెళ్ళయి వెళ్ళిపోయింది. వాగును ఆనుకుని ఆమెకు కాస్త పొలం, ఒక మోటరు గది ఉన్నాయి. ఎప్పుడు ఏ ఫ్యాక్టరీ వాగులోకి ఏం వదులుతుందో తెలియక, గేదెల్ని నీళ్ళకు తోలాలంటే ఆమెకు రోజూ దడే. కొన్నిసార్లు నీళ్ళు నురగ కక్కుతాయి. కొన్నిసార్లు తేటగానే ఉండి కడుపులోకి పోయాక చంపుతాయి. అతనే నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్ళాడు. నీళ్ళలో ఎన్ని లవణాలు, రసాయనాలు కలిశాయో అంకెలో చెప్పే సెన్సరు ఒకటి ఉంటుంది. దాన్ని వాగులో దించి, డబ్బాను మోటరు గది మీద పెట్టాం.

"గీ డబ్బా ఏం జేస్తది బిడ్డా?" అని ఆమె అడిగింది.

"పది నిమిషాలకోసారి నీళ్ళు ఎలా ఉన్నాయో నాకు చెబుతుందమ్మా. నేను నీకు ఫోన్ చేసి చెబుతాను" అన్నాను.

"మరి గా డబ్బా నాకే చెప్పొచ్చు గద?" అంది. నేనూ అతనూ నవ్వాం.

వాగుకూ మా ఇంటికీ మధ్య ఒక గుట్ట అడ్డం. నేరుగా సిగ్నల్ రాదు. అతనుండే అపార్ట్‌మెంటు డాబా మీద నిలబడితే రెండు వైపులా కనిపిస్తుంది. అందుకని అక్కడ నీళ్ళ ట్యాంకు పక్కన ఒక మధ్య స్టేషన్ పెట్టాం. దాని పని చాలా చిన్నది. వాగు నుంచి వచ్చిన ప్యాకెట్‌ను విని, మీద తన గుర్తు వేసి, సరిచూపు అంకెను కొత్తగా లెక్కకట్టి, లోపలి మాటను ఉన్నదున్నట్టు మళ్ళీ పంపడం. ఉన్నదున్నట్టు అన్నదే అక్కడ ముఖ్యం. మధ్యలో ఉన్నవాడు మాట మార్చకూడదు. ఇది చట్టంలో ఉండే సంగతి అటుంచి, మాలో మర్యాద.

ఇక్కడే నేను తప్పు చేశాను. అతను పరీక్ష పాసయ్యాడు గానీ లైసెన్సు రాలేదు. ఏడాది గడిచినా విచారణ దగ్గరే ఆగి ఉంది. లైసెన్సు లేనిదే సొంత పేరుతో స్టేషన్ నడపకూడదు. మాలో ఒక సౌకర్యం ఉంది. ఒకే మనిషికి రెండు మూడు స్టేషన్లుంటే కాల్‌సైన్ పక్కన ఒకటి, రెండు అని అంకె పెట్టుకోవచ్చు. వాగు దగ్గరిది ఒకటి. డాబా మీదిది రెండు. చట్ట ప్రకారం ఆ రెండూ నేను నడపాలి. నాకు మోకాళ్ళ నొప్పులు, ఆ అపార్ట్‌మెంటు లిఫ్టు నెలలో ఇరవై రోజులు పడుకునే ఉంటుంది.

"నీ లైసెన్సు వచ్చేదాకా నా పేరు మీదే ఉండనీ. నువ్వే చూసుకో" అన్నాను.

"తప్పు గాదా అక్కా?" అన్నాడు.

"తప్పే. కానీ నువ్వు నాకు పరాయివాడివా?" అన్నాను. సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చాను. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చినట్టే అది. మాలో ఎవరూ ఆ పని చేయరు. పెళ్ళాం నగలైనా అరువిస్తారు గానీ కాల్‌సైన్ ఇవ్వరు.

మొదటి సంవత్సరం బాగా నడిచింది. పొద్దున్నే ఆరింటికి నేను తెర చూసి ఆమెకు ఫోన్ చేసేదాన్ని. మామూలుగా అంకె తొమ్మిది వందల దగ్గర ఉండేది. అంతకు రెండింతలు దాటితే ప్రమాదం. ఆమె అప్పటిదాకా గేదెల్ని కొట్టంలో కట్టేసి ఉంచేది.

"ఇడువాల్నా బిడ్డా?" అనేది.

"వదులమ్మా" అనో, "ఇవాళ వద్దమ్మా" అనో చెప్పేదాన్ని. వద్దన్న రోజు ఊళ్ళో ఎవరూ పశువుల్ని వాగు వైపు తోలేవాళ్ళు కాదు. ఆ ఏడాది నేను అయిదారుసార్లు వద్దన్నాను. ఆ ఊళ్ళో ఒక్క పశువూ పడలేదు. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినా నా మాట కోసం ఎవరూ అట్లా కాచుకుని కూర్చోలేదు. నాకు గర్వం వచ్చింది. అంకెలన్నిటినీ అందరూ చూసేలా ఒక వెబ్ పేజీ పెట్టి, పైన నా కాల్‌సైన్ పెద్దక్షరాలతో వేసుకున్నాను. మా రేడియోలో రహస్యాలు ఉండకూడదు, ఎవరైనా వినొచ్చు అన్నది నియమం. నేను ఆ నియమాన్ని నెత్తిన పెట్టుకున్నాను.

ఆ పేజీ కాజీపల్లిలోనూ చూశారు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

రెండో ఏడాది వానాకాలం మధ్య నుంచి అంకెలు చక్కగా ఉండసాగాయి. తొమ్మిది వందలు, తొమ్మిది వందల ఇరవై, ఎనిమిది వందల తొంభై. వానలకు నీళ్ళు పలచబడ్డాయి అనుకున్నాను. వానలు తగ్గాక కూడా అట్లాగే ఉంటే, మా డబ్బాకు భయపడి ఫ్యాక్టరీలు బుద్ధి తెచ్చుకున్నాయని అనుకున్నాను. అనుకోవడమే కాదు, హైదరాబాదులో రేడియోవాళ్ళ సమావేశంలో మైకు పట్టుకుని చెప్పాను. చప్పట్లు కొట్టారు. అతను వెనక వరసలో కూర్చుని తనూ కొట్టాడు. నేను చూశాను.

దీపావళి వెళ్ళిన వారం, ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. ఎప్పుడూ నేను చేయడమే గానీ ఆమె చేసేది కాదు.

"బర్రె పడ్డది బిడ్డా. నోట్ల నురగలొస్తున్నయ్" అంది.

నేనూ అతనూ వెళ్ళేసరికి గేదె కాళ్ళు కొట్టుకుంటోంది. పశువుల డాక్టరు వచ్చి సూది వేశాడు. సాయంత్రానికి చచ్చిపోయింది. పాలిచ్చే గేదె అది. విషం కావచ్చు అన్నాడు డాక్టరు, ఏ విషమో చెప్పలేనన్నాడు. నేను ఫోనులో ఆ రోజు అంకెలన్నీ తీసి చూశాను. పొద్దుటి నుంచి ఒక్కటి కూడా వెయ్యి దాటలేదు. అతను నా పక్కనే నిలబడి, నా భుజం మీదుగా ఆ అంకెలు చూస్తూ ఉన్నాడు.

"నీళ్ళు బాగానే ఉన్నాయమ్మా. ఎవరి చేలోనైనా మందు కొట్టిన గడ్డి తిని ఉంటుంది" అని ఆమెతో అన్నాను.

ఆమె గేదె మీద చెయ్యి వేసింది. "నువ్వు చెప్తే గంతే గావచ్చు" అంది. తర్వాత పక్కింటి వాళ్ళతో వాళ్ళ గడ్డి విషయంగా ఆమెకు మాటామాటా పెరిగిందని, రెండిళ్ళకూ రాకపోకలు పోయాయని విన్నాను. ఆ పుణ్యం కూడా నాదే.

డిసెంబరులో ఒక పొద్దున మంచు బాగా పట్టింది. రోడ్డు మీద కంపెనీ బస్సులు లైట్లు వేసుకుని నత్తల్లా పోతున్నాయి. ఇట్లాంటి పొద్దుల్లో నేల దగ్గర చల్లగాలి, దాని మీద వెచ్చగాలి నిలుస్తాయి. రేడియో తరంగాలు ఆ మధ్యలో వంగి, మామూలుగా చేరని చోటికి చేరతాయి. ఫ్యాక్టరీల కంపు పైకి పోకుండా ఇళ్ళ మధ్యే నిలిచేది కూడా ఆ చల్లగాలి వల్లనే. ఆరుకు ఇంకా పది నిమిషాలుంది. కాఫీ గ్లాసుతో తెర ముందు కూర్చున్నాను.

వాగు స్టేషన్ నుంచి రెండు ప్యాకెట్లు కనిపించాయి. రెండూ ఒకే నిమిషానివి. ఒకటి గుట్ట దాటి నేరుగా వచ్చింది, ఇంకొకటి డాబా మీది స్టేషన్ ద్వారా వచ్చింది. మామూలుగా ఒకే ప్యాకెట్ రెండు దారుల్లో వస్తే నా సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంచి రెండోది పారేస్తుంది. రెండూ ఒకటైతేనే పారేస్తుంది. ఇవి రెండూ ఒకటి కావు కాబట్టి రెంటినీ ఉంచింది. నేరుగా వచ్చినదాంట్లో అంకె మూడు వేల నాలుగు వందలు. డాబా మీదుగా వచ్చినదాంట్లో తొమ్మిది వందల పది.

ముందు నేను యంత్రాన్నే అనుమానించాను. గాలిలో చెడిపోయిందేమో అనుకున్నాను, కానీ గాలిలో చెడితే అసలు రాదని నాకే తెలుసు. పది నిమిషాలు ఆగాను. మళ్ళీ రెండు వచ్చాయి. మూడు వేల అయిదు వందలు, తొమ్మిది వందల ముప్ఫై. కాఫీ తాగలేదు. ఆమెకు ఫోన్ చేశాను.

"ఇడువాల్నా బిడ్డా?"

"వద్దమ్మా. వద్దు. ఊళ్ళో అందరికీ చెప్పు" అన్నాను. ఏమైందని ఆమె అడిగితే చెప్పకుండా పెట్టేశాను.

కిష్టారెడ్డిపేట వెళ్ళి, లిఫ్టు లేక, అయిదంతస్తులూ మెట్ల మీద కూర్చుంటూ లేస్తూ ఎక్కాను. అతను పొద్దుటి షిఫ్టుకు వెళ్ళిపోయాడు. వాచ్‌మన్‌కు నేను తెలుసు, డాబా తాళం ఇచ్చాడు. టిఫిన్ డబ్బా మూత తీసి, మెమరీ కార్డు లాగి, ఇంటికి తెచ్చి చదివాను. నేను రాసిన ప్రోగ్రాములో ఆరు లైన్లు కొత్తగా ఉన్నాయి. అంకె పద్దెనిమిది వందలు దాటితే దాని బదులు చివరి మంచి అంకెను పెట్టు. దానికి కొంచెం కలుపు, లేదా కొంచెం తీసెయ్. ఎంత అన్నది ప్రతిసారీ మార్చు.

ఆ రెండో వాక్యం దగ్గర నాకు ఏడుపు వచ్చింది. వసారాలో నేను చెప్పిన పాఠం అది. "అంకె కదలకుండా ఒక్కచోటే నిలబడిందంటే సెన్సరు చచ్చిపోయిందని అర్థం. బతికున్నది ఎప్పుడూ కాస్త అటూ ఇటూ కదులుతుంది" అని అతనికి చెప్పింది నేనే. నా కళ్ళకు గంతలు కట్టడానికి గుడ్డ నా దగ్గరే తీసుకున్నాడు.

సాయంత్రం షిఫ్టు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. వాచ్‌మన్ చెప్పి ఉంటాడు. చెప్పులు విడిచి వసారా మెట్టు మీదే కూర్చున్నాడు. రోజూ లోపలికి వచ్చి మంచినీళ్ళు తనే తీసుకుని తాగేవాడు.

"ఎందుకు చేశావు?" అన్నాను.

"మా మేనేజరు నీ పేజీ సూసిండు అక్కా. డబ్బా కట్టింది నేనే అని ఎవరో చెప్పిన్రు. పిలిచి, ఇది బంద్ చేస్తవా, నౌకరీ బంద్ చేయాల్నా అన్నడు. బంద్ చేస్తే నీకు తెలుస్తది గద. అందుకే..."

"అందుకే అబద్ధం చెప్పించావు."

"ఓ నెల రోజులకే అనుకున్న. కొత్త ట్యాంకు కడుతున్రు, అది అయినంక వాగుల ఇడువరు అన్నరు. తీసేద్దామనుకున్న. గంతల నన్ను పర్మనెంట్ చేసిన్రు. ఇగ తీయలేకపోయిన."

ఎనిమిదేళ్ళు కాంట్రాక్టులో ఉన్నవాడికి పర్మనెంట్ అంటే ఏమిటో నాకు తెలుసు. తెలిసినా నాకు జాలి కలగలేదు.

"గేదె పడిన రోజు నా పక్కనే నిలబడ్డావు. నేను ఆమెకు గడ్డి అని చెబుతుంటే విన్నావు. అది మీ ఊరి వాగయితే చేసేవాడివా?"

అతను తల ఎత్తకుండానే అన్నాడు.

"నువ్వు ఎన్నడన్న ఒక్కసారి నా డబ్బా తెరిచి సూస్తవేమోనని దినాం భయపడ్డ అక్కా. నువ్వు సూడలే. నా పని నువ్వు సూడవు. నాకు ఎరుకే."

పొమ్మన్నాను. నోటికి వచ్చినవన్నీ అన్నాను. గారు పెట్టకుండానే అన్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాకా నడిచి, అక్కడ వేసుకుని వెళ్ళిపోయాడు. వంటింట్లో నుంచి మా వారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆయన కూడా ఆ రోజు ఎగతాళి చేయలేదు.

మర్నాడు నేను వాగు ఒడ్డు పల్లెకు వెళ్ళి, డబ్బాలో ఎవరో అంకెలు మార్చారని, కొన్ని నెలలుగా వాళ్ళు విన్నవి నిజాలు కావని చెప్పాను. ఎవరో అన్నాను, ఎవరన్నది చెప్పలేదు. అప్పటికింకా నా కాల్‌సైన్ కాపాడుకోవాలన్న ఆశ ఉంది. పల్లెవాళ్ళు ఫిర్యాదు రాశారు. సంక్రాంతి దాటాక కాలుష్యం సంగతులు చూసే ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి, పంచాయతీ ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టాడు.

ఫ్యాక్టరీ తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. మాట చాలా మెత్తన. అతని వెనక బెంచీ మీద, కొత్త నీలం యూనిఫాంలో, నా తమ్ముడు కూర్చున్నాడు. నా తమ్ముడు అని అలవాటు కొద్దీ రాశాను, ఉండనిస్తాను.

పెద్దమనిషి సంచీలోంచి కాగితాల కట్ట తీసి అధికారి ముందు పెట్టాడు. నా వెబ్ పేజీయే. నాలుగు నెలల అంకెలు, పది నిమిషాలకొకటి, ఒక్కటి కూడా హద్దు దాటలేదు. ప్రతి వరస మీదా నా కాల్‌సైన్.

"సార్, ఇవి మా లెక్కలు కావు. ప్రభుత్వ లైసెన్సున్న మేడమ్‌వి. ఆమె స్టేషన్, ఆమె పేరు. గేదె పోయిన రోజు కూడా నీళ్ళు బాగున్నాయని ఆమే రికార్డు చేశారు" అన్నాడు.

అధికారి నా వైపు చూశాడు. "ఇది మీ కాల్‌సైనేనా అమ్మా?"

"నాదే" అన్నాను.

రెండు దారులున్నాయి. నాదేనని ఊరుకుంటే వాగు శుభ్రంగా ఉందని నేనే సంతకం పెట్టినట్టు. మధ్య స్టేషన్ నేను నడపలేదని చెబితే లైసెన్సు లేనివాడి చేతికి నా పేరిచ్చానని ఒప్పుకున్నట్టు. బెంచీ వైపు చూశాను. ఆ ఆరు లైన్లు తనే రాశానని ఒక్క మాట అతను అంటే చాలు. అతను తన చేతుల వంక చూసుకుంటున్నాడు. ఎంత చక్కగా టంకం వేసే చేతులో అవి.

నేను లేచి చెప్పాను. పేరు ఎట్లా ఇచ్చానో, ఎవరికిచ్చానో, మంచు పొద్దున వచ్చిన జంట ప్యాకెట్ల సంగతి, మెమరీ కార్డులోని ఆరు లైన్లు, అన్నీ చెప్పాను. కార్డు అధికారి బల్ల మీద పెట్టాను. లైసెన్సు వాపసు చేస్తున్నట్టు అక్కడికక్కడే ఒక తెల్ల కాగితం మీద రాసిచ్చాను. ఇంతా చేస్తే నిజం నిలబడుతుందనుకున్నాను.

పెద్దమనిషి నిదానంగా విని, మెత్తగానే అన్నాడు. "సార్, అంటే ఈ నాలుగు నెలలే కాదు, అంతకు ముందు ఏడాదివి కూడా నమ్మేదెట్లా? అప్పుడూ ఆ స్టేషన్ ఈమె చేతిలో లేదు కదా. మొత్తం రికార్డే చెల్లదు."

అధికారి తల ఊపి ఏదో రాసుకున్నాడు. పెద్దమనిషి అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. వాగులో విషం పారిన రోజులన్నిటినీ పట్టుకున్న ఒకే ఒక్క రికార్డు, ఆ కాగితాల కట్ట కిందే చచ్చింది. నా తమ్ముడు అబద్ధం చెప్పి ఫ్యాక్టరీని కాపాడాడు, నేను నిజం చెప్పి కాపాడాను.

అప్పుడు ఆమె లేచింది. అంతసేపూ గోడ వారగా కింద కూర్చుని ఉంది. అధికారి వైపు గానీ పెద్దమనిషి వైపు గానీ చూడలేదు.

"నాకు గీ లెక్కలు ఎరుక లేదు. ఒక్కటి చెప్పు బిడ్డా. నా బర్రె పడ్డ దినం నీళ్ళు మంచిగుండెనా, లేకుండెనా?"

ఆ రోజు మంచు లేదు. నేరుగా ప్యాకెట్ రాలేదు. వాగు డబ్బాలో అంకెలు దాచుకునే ఏర్పాటు నేను చేయలేదు.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

"తెల్వకుంటెనే ఇడువమంటివా?"

ఇక్కడిదాకా రాయకుండా దాటేసిన సంగతి ఒకటుంది. రాయడానికి చెయ్యి రాలేదు. గేదె పడిన రోజు పొద్దున ఫోనులో ఆమె ఎప్పటిలా ఇడువాల్నా అని అడగలేదు. ఇయ్యాల నీళ్ళు వాసనొస్తున్నయి బిడ్డా, నేను ఇడువను అంది. నేను విసుక్కున్నాను. వాసన గాలిదమ్మా, నీళ్ళు బాగున్నాయి, నా దగ్గర అంకె ఉంది, అనవసరంగా భయపడకు, వదులు అన్నాను. ల్యాబులో మొద్దు పిల్లలతో మాట్లాడే గొంతుతో అన్నాను.

ఆమె కూడా దాన్నే గుర్తు చేసుకుంటున్నట్టుంది. గొంతు పెంచలేదు.

"నా ముక్కు నాకు చెప్పింది బిడ్డా. నువ్వు కాదంటివి."

"అవునమ్మా" అన్నాను. "కాదన్నాను."